బిల్డర్ కోర్టుకెళితే: ఇంగ్లండ్‌లో ఇంటి పని మీద వచ్చిన దావాకి జవాబు ఎలా ఇవ్వాలి

2024 అక్టోబర్ 12, శనివారం, విజయదశమి. పూజ అయ్యి పులిహోర కలుపుతుంటే తలుపు సందులోంచి పోస్టు పడింది. కవరు మీద కోర్టు ముద్ర. మా బాత్రూమ్ పని చేసిన బిల్డర్ మా మీద 3,150 పౌండ్లకి దావా వేశారని, వడ్డీ, 205 పౌండ్ల కోర్టు ఫీజు అదనమని అందులో ఉంది. మా ఆయన చదివి, "కట్టేద్దాం, ఈ దేశంలో మనకి కోర్టులెందుకు?" అన్నారు. నాకేమో ఒళ్లు మండిపోయింది. వంటింటి సీలింగ్ మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మరక రోజురోజుకీ పెద్దదవుతుంటే, ఆ మరకకి కారణమైన మనిషికే ఎదురు డబ్బు కట్టడమా?

భయపడి కట్టేయడం, కోపంతో కవరు పక్కన పడేయడం, రెండూ నష్టమే. రెడింగ్, స్లౌ చుట్టుపక్కల మనవాళ్లలో రెండు రకాలనీ చూశాను. కేసు నడిచిన తొమ్మిది నెలల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే: కోపం వేరు, లెక్క వేరు. కోర్టు వినేది లెక్క. అందుకే నేను చేసింది చేసినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్, వేల్స్‌కి సంబంధించినది. స్కాట్లాండ్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో పద్ధతి వేరు.

ముందు మనసు కుదుటపడాలి. ఇది క్రిమినల్ కేసు కాదు. పోలీసులు రారు. డబ్బు గురించి ఇద్దరి మధ్య ఉన్న తగాదా, అంతే. 10,000 పౌండ్ల లోపు ఇలాంటి దావాలు మామూలుగా స్మాల్ క్లెయిమ్స్ కిందికి వస్తాయి. లాయరు లేకుండా మామూలు మనుషులు సొంతంగా నడుపుకునేలా పెట్టిన పద్ధతి అది. ఓడిపోయినా, అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప, అవతలివాళ్ల లాయరు ఫీజు మామూలుగా మన నెత్తిన పడదు. కోర్టు ఫీజులు, కొన్ని చిన్న ఖర్చులు పడతాయి.

నిజమైన ప్రమాదం జవాబు ఇవ్వకపోవడంలో ఉంది. గడువు దాటితే, వాది అడిగిన వెంటనే, మన మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. దాన్నే సీసీజే, అంటే కౌంటీ కోర్టు తీర్పు అంటారు. నెలలోపు మొత్తం కట్టేస్తే తీర్పుల రిజిస్టర్ నుంచి పేరు తీసేస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. మార్ట్‌గేజ్‌కి వెళ్లినా, ఫోన్ కాంట్రాక్ట్‌కి వెళ్లినా అది బయటికొస్తుంది. ఆ తీర్పుని తర్వాత రద్దు చేయించుకోవాలంటే ఎన్244 అనే దరఖాస్తు పెట్టాలి, దానికి ఫీజు 300 పౌండ్లు దాటుతుంది. పైగా మన దగ్గర గట్టి వాదన ఉందని, ఆలస్యం చేయకుండా వచ్చామని జడ్జిని నమ్మించాలి.

తేదీలు

కవరు చించగానే నేను చేసిన మొదటి పని, ఫారం మీద ఉన్న జారీ తేదీని వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర స్కెచ్‌తో రాయడం. మాది అక్టోబర్ 9. ఆన్‌లైన్‌లో వేసిన దావా అయితే జారీ అయిన ఐదు రోజులకి మనకి అందినట్టు లెక్క. అక్కడినుంచి 14 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంటే మొత్తం 19 రోజులు. మాకు అక్టోబర్ 28. అంతలో కుదరదనిపిస్తే ఆ గడువులోపే "దావా అందింది, జవాబుకి టైమ్ కావాలి" అని తెలపాలి. ఇంకో 14 రోజులు వస్తాయి. మాకు అది నవంబర్ 11 అయింది. నేను మొదటి వారంలోనే టైమ్ అడిగేశాను. మధ్యలో దీపావళి, పిల్లల హాఫ్ టర్మ్ సెలవులు, ఆఫీసు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. అందినట్టు తెలపడాన్నే జవాబు అనుకుంటారు. అది జవాబు కాదు, గడువు పొడిగింపు మాత్రమే. అసలు జవాబు విడిగా వేయాలి. కాగితాల మీద వచ్చిన దావా అయితే కవర్లోనే ఎన్9 ఫారాలు ఉంటాయి. ఒప్పుకోవడానికి ఎన్9ఎ, ఒప్పుకోకపోతే ఎన్9బి. ఆన్‌లైన్ అయితే లోపలికి వెళ్లడానికి కోడ్ ఇస్తారు. లెక్క తేల్చుకోలేకపోతే ఫారం మీద రాసిన గడువునే నమ్మండి, ఇంకా రెండు రోజులు ముందే వేయండి.

ఆ తర్వాత వాది ఎవరో చూడండి. కొటేషన్ ఎవరి పేరు మీద ఇచ్చారు? బిల్లు ఎవరి పేరు మీద ఉంది? పని ఒప్పుకున్నది లిమిటెడ్ కంపెనీ అయితే దావా వేయాల్సింది ఆ కంపెనీ, ఆ మనిషి కాదు. కంపెనీస్ హౌస్ సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది, డబ్బేమీ కట్టక్కర్లేదు. బిల్లులో 20 శాతం వ్యాట్ వేసుంటే వ్యాట్ నంబరు ఉందో లేదో కూడా చూడండి. రిజిస్టర్ కాని మనిషికి వ్యాట్ వసూలు చేసే హక్కు లేదు. మా కేసులో రెండూ సరిగ్గానే ఉన్నాయి. అయినా చూసుకోవడం మంచిది.

తగాదా అసలు ఎక్కడుంది

మా కొటేషన్ 6,800 పౌండ్లు. పాత బాత్రూమ్ పీకేసి కొత్త టబ్, షవర్, నేల, గోడల టైల్స్. బయానా 2,000, మధ్యలో 2,500 ఇచ్చాం. మిగిలింది 2,300. ఆయన దావాలో దాని మీద మూడు "అదనపు పనులు" వేశారు: షవర్ గోడలో సబ్బులు పెట్టుకునే గూడు 180, అదనపు ప్లాస్టరింగ్ 350, రేడియేటర్ జరపడం 250. పైన "ఆలస్య చెల్లింపు పరిహారం" అని 70.

నా వైపు ఫిర్యాదు రెండు విషయాల మీద. షవర్ ట్రే మట్టంగా పెట్టలేదు. మూల ఒకటి కిందికి దిగి అక్కడ నీళ్లు నిలిచేవి, సిలికాన్ ఊడి ఆ నీళ్లే కిందికి దిగేవి. రెండోది షవర్ గోడ టైల్స్. ఒక రోజు స్నానం చేస్తూ మోచెయ్యి తగిలితే డొల్ల శబ్దం వచ్చింది. బయటికొచ్చి పౌండ్ నాణెంతో ఒక్కో టైల్‌నీ కొట్టి చూశాను. నాలుగు మూలలా, మధ్యలో గట్టిగా, మిగతా అంతా డబ్బా మీద కొట్టినట్టు. అంటే వెనక మొత్తం గమ్ పూయకుండా ముద్దలు ముద్దలుగా అక్కడక్కడా పెట్టి అతికించారన్నమాట. నీళ్లు పడే గోడకి అలా చేయకూడదు. ఖాళీల్లోకి నీళ్లు చేరితే వెనకున్న ప్లాస్టర్‌బోర్డ్ నానిపోతుంది.

మీరూ ఇలాగే తగాదాని ముక్కలు చేసుకోండి. "పని అంతా చెత్తగా చేశాడు" అంటే జడ్జి చేతికి ఏమీ ఇచ్చినట్టు కాదు. మా నేల టైల్స్ బాగున్నాయి. ట్యాపులు బాగున్నాయి. టబ్ బాగుంది. నా జవాబులో ఆ మాట మొదటి పేజీలోనే రాశాను. రాయడానికి మనసు రాలేదు, కానీ అది నిజం. బాగున్నదాన్ని బాగుందని చెప్పినప్పుడే బాగోలేదన్న మాటకి విలువ వస్తుంది.

చట్టం మన వైపు ఏం చెబుతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం పని తగినంత శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. అది 49వ సెక్షన్. అలా చేయకపోతే మొదట మనకున్న హక్కు, ఆ పనిని మళ్లీ సరిగ్గా చేయించుకోవడం, 55వ సెక్షన్. అది కుదరకపోయినా, తగిన టైమ్‌లో చేయకపోయినా ధర తగ్గించమనొచ్చు, 56వ సెక్షన్.

ఆ వరస ముఖ్యం. "బాగు చేయడానికి అవకాశం ఇచ్చారా?" ఇదే విచారణలో జడ్జి నన్ను అడిగిన మొదటి ప్రశ్న. అదృష్టవశాత్తూ నా దగ్గర జులైలో పంపిన ఈమెయిల్ ఉంది. ట్రే, టైల్స్ గురించి ఫోటోలతో రాసి, 14 రోజుల్లో వచ్చి సరిచేయమని, వారం రోజులూ సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లో ఉంటామని చెప్పాను. "ముందు మిగతా డబ్బు వేయండి, తర్వాత వస్తాను" అని ఆయన జవాబు. ఆ రెండు ఈమెయిల్సే మా కేసుకి వెన్నెముక. మీ తగాదా ఇంకా కోర్టు దాకా వెళ్లకపోతే, ఈరోజే ఆ ఈమెయిల్ పంపండి. మళ్లీ ఆ మనిషిని గడప తొక్కనివ్వనని అనిపిస్తుంది, తెలుసు. నాకూ అనిపించింది. అయినా పంపండి.

జవాబు రాయడం

నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. నాలుగు రాత్రులు. నేను జవాబు ఇంగ్లీషులో ఇవ్వాలి, కానీ ముందు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. ఏది జరిగిన విషయం, ఏది నా బాధ అన్నది సొంత భాషలో రాసుకుంటే వెంటనే తేలిపోతుంది. మొదటి రాత్రి రాసిన ఆరు పేజీల్లో జరిగిన విషయం రెండు పేజీలకి మించి లేదు. మిగతా నాలుగు చించేశాను.

వాది రాసినదానికి నంబర్లు ఉంటే అదే నంబర్లతో, లేకపోతే మీరే ఒక్కో మాటనీ విడదీసి నంబర్లు వేసుకుని జవాబు ఇవ్వండి. ప్రతి మాటకీ మూడు జవాబుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోను, ఎందుకంటే ఇదీ కారణం. లేదా, నాకు తెలియదు, వాదే రుజువు చేయాలి. ఏ మాటకైనా జవాబు ఇవ్వకుండా వదిలేస్తే దాన్ని ఒప్పుకున్నట్టు తీసుకునే ప్రమాదం ఉంది. కారణం చెప్పకుండా ఊరికే "అబద్ధం" అన్నా చాలదు.

నేను రాసినవి కొన్ని తెలుగులో చెబుతాను:

"కొటేషన్ 6,800 అని ఒప్పుకుంటున్నాను. 4,500 చెల్లించినట్టు వాది చెప్పింది నిజమే."

"గోడలో గూడు నేనే అడిగాను, 180 కి ఒప్పుకున్నాను. అది చెల్లించాల్సిందే."

"రేడియేటర్ జరపడానికి అదనంగా 250 అవుతుందని నాతో గానీ నా భర్తతో గానీ ఎప్పుడూ అనలేదు. కొటేషన్ రెండో పేజీ నాలుగో లైనులో 'రేడియేటర్ కొత్త చోట బిగించడం' అని ఉంది. అందువల్ల అదనం అన్నది ఒప్పుకోను."

"ఆలస్య చెల్లింపు పరిహారం 70 ఒప్పుకోను. అలాంటి పరిహారం అడగనిచ్చే చట్టం వ్యాపారానికీ వ్యాపారానికీ మధ్య బాకీలకి మాత్రమే. నేను నా ఇంటికి పని చేయించుకున్న మనిషిని."

ఈ చివరిది చాలామందికి తెలియదు. బిల్డర్లు ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా లెటర్ చూసి 40, 70, 100 పౌండ్లు అని వేసేస్తుంటారు. ఇంటివాళ్ల మీద అది చెల్లదు. కోర్టు తన ఇష్టం మీద వేయగల వడ్డీ వేరు, 1984 నాటి కౌంటీ కోర్ట్స్ యాక్ట్ 69వ సెక్షన్ కింద సాధారణంగా ఏడాదికి 8 శాతం అడుగుతారు. అది అడగడంలో తప్పులేదు.

తర్వాత లెక్క. మా పనిలో పాడైన భాగం సరిచేయడానికి ఇద్దరు వేరే టైల్స్ మేస్త్రిలని పిలిచి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకున్నాను. ఒకరు 2,150, ఇంకొకరు 2,480. తక్కువదే వేశాను. సీలింగ్ మరక తీసి రంగు వేయడానికి 190. ఆయనకి రావాల్సింది 2,300, 180 కలిపి 2,480. అందులోంచి నా 2,340 తీసేస్తే 140. ఆ 140 వెంటనే ఆయన బ్యాంకు ఖాతాలో వేసి, దావాలో కొంత మాత్రమే ఒప్పుకుంటున్నానని, ఒప్పుకున్నంతా కట్టేశానని జవాబులో రాశాను.

ఇలా వాది బాకీలోంచి మన నష్టాన్ని తగ్గించుకోవడాన్ని సెట్ ఆఫ్ అంటారు. ఇది మన జవాబులో భాగం, దీనికి ఫీజు లేదు. మన నష్టం ఆయన బాకీ కంటే ఎక్కువై, ఆ పై డబ్బు ఆయన నుంచి మనకి రావాలంటే అప్పుడు ఎదురు దావా వేయాలి. దానికి మామూలు దావాకి కట్టినట్టే ఫీజు కట్టాలి. 3,000 దాటి 5,000 లోపు అడిగితే 205, అక్కడినుంచి 10,000 దాకా 455. నష్టం బాకీకి లోపే ఉంటే ఎదురు దావా జోలికి వెళ్లకండి, ఊరికే ఫీజు దండగ.

చివర్లో సత్యప్రమాణం దగ్గర సంతకం పెడతాం. తెలిసి అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకోవచ్చని అందులోనే ఉంటుంది. సంతకం ముందు ప్రతి అంకెనీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి. నేను సరిచూస్తుంటే రెండో చెల్లింపు తేదీ తప్పు రాశానని తెలిసింది.

ఫోన్‌లో రాజీ

2024 మే 22 నుంచి జారీ అయిన ఇలాంటి డబ్బు దావాల్లో మీడియేషన్ తప్పనిసరి చేశారు. ఫీజు లేదు, గంటసేపు, ఫోన్‌లోనే. ఇద్దరినీ ఒకే లైన్‌లో కలపరు. మధ్యవర్తి మనతో మాట్లాడి, ఆయనకి ఫోన్ చేసి, మళ్లీ మనకి చేస్తారు. ఎవరిది తప్పో మధ్యవర్తి చెప్పరు. అక్కడ అనుకున్న అంకెలు జడ్జికి వెళ్లవు కాబట్టి మనసు విప్పి మాట్లాడొచ్చు. ఫోన్ ఎత్తకపోతే మాత్రం కోర్టు జరిమానాలాంటి చర్యలు తీసుకోవచ్చు, కేసునే కొట్టేయవచ్చు.

ఫోన్ రాకముందే ఇంట్లో కూర్చుని ఎంతదాకా వెళ్లగలమో కాగితం మీద రాసుకోండి. మేం 600 అనుకున్నాం. కేసు ఇంకా ఆరు నెలలు మోయడం, ఒకరోజు సెలవు, నిద్ర, ఇవన్నీ కలిపి వేసుకున్న లెక్క అది. ఆయన 2,000 కి దిగారు, ఆ పైన దిగలేదు. రాజీ కుదరలేదు. కుదిరి ఉంటే అక్కడే ముగిసేది, నేను సంతోషించేదాన్ని. బయట కూడా రాజీ లెటర్లు రాసుకోవచ్చు. పైన "వితౌట్ ప్రెజుడిస్" అని రాస్తే, నిజంగా రాజీ కోసం రాసిన ఆ మాటల్ని మామూలుగా జడ్జికి చూపించడానికి వీలుండదు.

ఈ దశలోనే ఎన్180 అనే ప్రశ్నల ఫారం వస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఆ ప్రశ్నలే తెర మీద వస్తాయి. సాక్షులు ఎంతమంది, ఏ తేదీల్లో రాలేరు, నిపుణుడి రిపోర్టు కావాలా అని అడుగుతారు. ఇండియా టికెట్లు కొనేసి ఉంటే ఆ తేదీలు ఇక్కడే రాయాలి. నిపుణుడి విషయం జాగ్రత్త. కోర్టు అనుమతి లేకుండా నిపుణుడి రిపోర్టు వాడుకోవడం కుదరదు. నేను టైల్స్ మేస్త్రి రెండు పేజీల రిపోర్టుకి అనుమతి అడిగాను, కోర్టు పంపిన ఆర్డర్‌లో ఇచ్చారు.

సాక్ష్యం

మీడియేషన్ విఫలమయ్యాక ఫిబ్రవరిలో షవర్ గోడ పీకించాలని నిర్ణయించుకున్నాం. ఇంకా ఆగితే కింద సీలింగ్ ఊడి పడేలా ఉంది. కానీ పీకేస్తే సాక్ష్యం పోతుంది. అందుకని బిల్డర్‌కి ఈమెయిల్ పెట్టాను: ఫలానా తేదీన పీకిస్తున్నాం, పది రోజుల టైమ్ ఉంది, మీరు గానీ మీ తరఫున ఎవరైనా గానీ ముందే వచ్చి చూసుకోవచ్చు. జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడం కూడా సాక్ష్యమే అయింది.

ఆ రోజు నేను సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. మేస్త్రి ఉలి పెట్టి కొంచెం ఎత్తగానే మొదటి టైల్ మొత్తంగా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూస్తే వెనక ఐదు గమ్ ముద్దలు, ఇడ్లీ అంత సైజువి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో నీటి తడి మెరుస్తోంది. వెనక బోర్డు వేలు పెట్టి నొక్కితే నానిన అట్టలా లోపలికి దిగిపోయింది, అంచుల్లో నల్లగా బూజు. ప్రతి టైల్ వెనకా ఫోటో తీశాను, పక్కన టేపు పెట్టి. ట్రే మీద రసమట్టం పెట్టి బుడగ ఎటు పోతోందో వీడియో తీశాను. ఒక టైల్‌ని గుడ్డ సంచిలో చుట్టి దాచాను. కోర్టుకి తీసుకెళ్లాను కూడా.

కాగితాలకి ఒక ఫైల్ చాలు: కొటేషన్, చెల్లింపులు, ఈమెయిల్స్ తేదీల వరసలో, ఫోటోలు, కొత్త మేస్త్రి బిల్లు, రిపోర్టు, చివర్లో మీ వాంగ్మూలం. పేజీలకి నంబర్లు వేయండి. ఎన్ని రోజుల ముందు పంపాలో ఆర్డర్‌లో ఉంటుంది, మాకు విచారణకి 14 రోజుల ముందు. కోర్టుకీ ఆయనకీ ఒకటే ఫైల్ పంపాలి.

వాట్సాప్ గురించి గట్టిగా చెప్పాలి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి చదవండి, మనకి అనుకూలమైన ముక్కలే కాదు. నేను చదువుతుంటే ఏప్రిల్‌లో బిల్డర్ మా ఆయనకి పంపిన మెసేజ్ కనిపించింది: పాత ప్లాస్టర్ ఊడి వస్తోంది, కొత్తది వేయాలి, 350 అదనం, సరేనా? మా ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉండి బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను జవాబులో ఆ 350 ఒప్పుకోనని రాసేశాను, అప్పటికి నాకు తెలియదు. తెలిశాక దాచలేదు. వాంగ్మూలంలో ఆ మెసేజ్ సంగతి రాసి, నా జవాబులో ఆ మాట తప్పని చెప్పాను. అవతలి మనిషి ఫోన్‌లోనూ అదే మెసేజ్ ఉంటుంది కదా. ఇంట్లో పని జరుగుతున్నన్నాళ్లూ బిల్డర్‌తో మాట్లాడేది ఒక్కరే ఉండాలని అప్పుడు అనిపించింది.

విచారణ రోజు

2025 జులైలో విచారణ. చిన్న గది, పొడుగాటి బల్ల, ఒక చివర జడ్జి. సినిమాలో బోను లాంటివేమీ లేవు. "జడ్జ్" అని పిలిస్తే సరిపోతుంది. భాష ఇబ్బందో, భయమో ఉంటే మన తరఫున మాట్లాడటానికి ఇంటివాళ్లనో స్నేహితులనో తీసుకెళ్లొచ్చు, కాకపోతే మనం కూడా హాజరవ్వాలి. మధ్యలో ఆయన మాట్లాడుతుంటే అడ్డు వెళ్లకండి. నేను ఒక కాగితం మీద "తర్వాత" అని రాసుకుని, చెప్పాలనిపించినదల్లా దాని కింద రాసుకుంటూ పోయాను. నా వంతు వచ్చేసరికి అందులో సగం అక్కర్లేకుండా పోయింది.

బిల్డర్ కూడా చెడ్డ మనిషేమీ కాదు. ఎదురుగా కూర్చుంటే చేతుల మీద సిమెంటు మచ్చలతో, అలసిపోయిన మనిషిలా కనిపించారు. షవర్ గోడ తన దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు చేశాడని చెప్పారు. జడ్జి టైల్‌ని తిప్పి చూసి, ఆయనకి ఇచ్చి, "ఇది మీరు ఇలాగే అతికిస్తారా?" అని అడిగారు. ఆయన కాసేపు చూసి, లేదన్నారు.

గంటన్నరలో తీర్పు చెప్పారు. మిగిలిన 2,300, గూడు 180, ప్లాస్టరింగ్ 350 ఆయనకి రావాలి. రేడియేటర్ 250, పరిహారం 70 రావు. అందులోంచి రిపేరు 2,150, సీలింగ్ 190 తగ్గించారు. మిగిలింది 490. నేను ముందే కట్టిన 140 పోగా 350 కట్టాలి. కోర్టు ఫీజులో ఆయన గెలిచినంత మేరకే నా మీద వేశారు. 3,150 అడిగిన చోట ఇది. ముందే లెక్క కట్టి 140 వేసేయడం మంచి పని అయిందని జడ్జి అన్నప్పుడు మా ఆయన నా వైపు చూశారు.

తీర్పు వచ్చాక పని అయిపోలేదు. వేరే తేదీ చెప్పకపోతే 14 రోజుల్లో కట్టాలి. నేను మూడో రోజే బ్యాంకు ద్వారా పంపాను. రిఫరెన్స్‌లో కేసు నంబరు రాసి, అందిందని ఆయన నుంచి ఒక లైను ఈమెయిల్ తీసుకుని, అన్నీ అదే ఫైల్లో పెట్టాను. చెక్కు గానీ నగదు గానీ ఇవ్వకండి, ఆనవాలు ఉండేలా కట్టండి. నెల దాటనివ్వకండి. కొన్నాళ్లకి రిజిస్టర్‌లో మీ పేరు లేదని కూడా ఒకసారి చూసుకోండి.